పసుపు దీపం, స్టాప్లర్ పిన్ను

మా కారు డ్యాష్‌బోర్డు మీద ఆ రెండు పసుపు దీపాలు మొదటిసారి నా కంటబడింది శ్రావణమాసంలో, ఏలూరు దాటి విజయవాడ వైపు హైవే ఎక్కుతుండగా. పెళ్లికి వెళ్తున్నాం. వెనక సీట్లో మా ఆవిడ, పక్కన మా నాన్న. ఒక దీపంలో గుండ్రటి గీత మధ్య ఏబీఎస్ అన్న ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. రెండోదాంట్లో కారు బొమ్మ, దాని చక్రాల కింద పాము మెలికల్లాంటి రెండు గీతలు.

"ఎర్రదా, పసుపుదా?" అన్నారు నాన్న. ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీలో చేశారు.

"పసుపే."

"అయితే భోజనాలు అయ్యాక చూసుకోవచ్చులే, పోనీ."

ఆయన మాట చాలావరకు నిజమే. ఏబీఎస్ పసుపు దీపం వెలిగినంత మాత్రాన మామూలు బ్రేకు పోదు. పెడల్ తొక్కితే బండి ఎప్పటిలాగే ఆగుతుంది. కాకపోతే తడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు ఉండదు. పసుపు దీపాలకు తోడు బ్రేకుది ఎర్ర దీపం కూడా వెలిగితే మాత్రం కథ వేరు, భోజనాల దాకా ఆగే పని లేదు, అక్కడే పక్కకి తీసి ఆపేయాలి. మాకు ఎర్రది వెలగలేదు. ముందు బండికి కాస్త ఎక్కువ దూరం ఇస్తూ మెల్లగా వెళ్లి వచ్చాం.

తిరిగొచ్చాక డ్యాష్ బాక్సులోంచి బండి పుస్తకం తీశాను. కొన్న నాలుగేళ్లలో దాని ప్లాస్టిక్ కవర్ విప్పడం అదే మొదలు. అందులో తెలిసిన మొదటి సంగతి: మెలికల గీతల కారు బొమ్మ మిణుకు మిణుకుమంటే, చక్రం పట్టు లేక గిర్రున తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఆ క్షణాన పని చేస్తోందని అర్థం. ఆరకుండా నిలకడగా వెలిగితే అది పని మానేసిందని అర్థం. దాన్ని కావాలని ఆపుకోవడానికి స్టీరింగు పక్కన ఒక బటన్ ఉంది, అలా ఆపితే వెలిగే దీపం వేరే. నేను పొరపాటున ఆ బటన్ నొక్కి ఉంటానని ఆశపడి దాన్ని ఓ పదిసార్లు నొక్కి చూశాను. ఒక దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. అసలు దీపం కదల్లేదు.

ఇక్కడ పెళ్లికి ముందు రోజు సంగతి చెప్పాలి. చెప్పాల్సినవాళ్లకి అప్పట్లో చెప్పలేదు, అందుకే ఇంత కథైంది. నెల రోజులుగా ముందు చక్రం దగ్గర గుయ్యిమని ఒక మోత. వేగం పెరిగితే పెరిగేది, ఎడమకి తిప్పితే ఎక్కువయ్యేది. చక్రం బేరింగు పోయిందన్నాడు మా పేటలో షెడ్డు మెకానిక్. కుడి ముందు బేరింగు మార్చాడు. బేరింగు రూ. 1,700, మజూరీ, బేరింగును ఒత్తి బిగించే ప్రెస్సుకి కలిపి రూ. 900. సాయంత్రం బండి తీసుకునేటప్పటికి కుండపోత. షెడ్డు నుంచి మా ఇంటికి అరకిలోమీటరు, ఆ వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. పది కిలోమీటర్ల వేగం కూడా దాటకుండా ఈదుకుంటూ వచ్చినట్టు వచ్చాను. మోత పోయింది, అదే చాలనుకున్నాను.

మర్నాడు దీపాలు వెలిగాయి కాబట్టి నా బుర్రలో నేరం నీళ్ల మీదికి పోయింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నాడు. "బేరింగుకీ దీపానికీ సంబంధం ఏముంటుంది మాస్టారూ, కనెక్షన్లో నీళ్లు దిగుంటాయి. రెండెండలు కాస్తే అదే పోద్ది."

"మీరు ట్రయల్ వేశారా?"

"అంత వానలో ట్రయల్ ఏం వేస్తామండీ."

రెండెండలు కాశాయి. మూడోది కూడా కాసింది. దీపాలు మాత్రం ఒక పద్ధతి ప్రకారం నడిచాయి. తాళం తిప్పగానే అన్ని దీపాలతో పాటు వెలిగేవి, రెండు మూడు సెకన్లలో బుద్ధిగా ఆరిపోయేవి. బండి కదిలి ఇరవై కిలోమీటర్ల వేగానికి వచ్చేసరికి టక్కున రెండూ వెలిగేవి. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అంతే. ఆరుతోంది కదా, అంటే లోపల తడి ఆరుతోందన్నమాట అని సంబరపడ్డాను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఈ వాక్యం రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఎదురింటాయన బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పది నిమిషాలు ఉంచి పెట్టమన్నాడు. పెట్టాను. గడియారం 12 గంటలకు పోయింది, రేడియో స్టేషన్లు పోయాయి, దీపం వీధి చివర మలుపులో మళ్లీ వెలిగింది. తర్వాత నాలుగు టైర్లలో గాలి చూశాను. చక్రాల సైజులో పెద్ద తేడా ఉంటే ఈ దీపం వెలగొచ్చని ఎక్కడో చదివాను, అది నిజం కూడా. గాలి సమంగానే ఉంది. బ్యాటరీ ఓల్టేజీ పడిపోయినా వెలుగుతుందట. మల్టీమీటర్ పెడితే ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6, నడుస్తున్నప్పుడు 14.1. అదీ కాదు.

ఆన్‌లైన్లో రూ. 600 పెట్టి బ్లూటూత్ స్కానర్ తెప్పించాను. స్టీరింగు కింద పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్లో గుచ్చి ఫోన్‌తో కలిపితే బండి తన జబ్బు తానే చెప్తుందన్నారు. ఫోన్ తెర మీద ఆకుపచ్చ టిక్కుతో "లోపాలేవీ లేవు" అని వచ్చింది. పైన చూస్తే రెండు దీపాలు పసుపుపచ్చగా వెలుగుతున్నాయి. ఇలాంటి చవక స్కానర్లు, వాటితో వచ్చే ఉచిత యాప్‌లు చాలావరకు ఇంజన్ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి, 'పీ'తో మొదలయ్యే లోపాల కోడ్‌లే చదువుతాయి. బ్రేకులు, చక్రాల సంగతి చూసే ఏబీఎస్ మాడ్యూల్ వేరే పెట్టె, దాని కోడ్‌లు 'సీ'తో మొదలవుతాయి. దాన్ని పలకరించగలిగే స్కానర్ కావాలి. ఈ ముక్క అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఈలోగా మా ఆవిడ ఒక గడువు పెట్టింది. దసరా సెలవుల్లో మారేడుమిల్లి వెళ్దామని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, అక్కడి నుంచి చింతూరు దిగే ఘాట్ రోడ్డు. వానాకాలం చివర్లో ఆ మలుపులన్నీ తడి ఆకులు, నాచు. "ఆ జారే కారు బొమ్మ వెలుగుతుండగా నేను ఘాటెక్కను. బస్సులో వెళ్దాం" అంది. ఆర్టీసీ పేరు వినగానే నాన్న హుషారయ్యారు. నాకు టెన్షన్ మొదలైంది.

అసలు ఈ యంత్రాంగం ఏం చేస్తుందో అప్పుడు కూర్చుని చదివాను. నాలుగు చక్రాల దగ్గర నాలుగు సెన్సార్లు, చిటికెన వేలంత ఉంటాయి. ఒక్కోటి తన చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఏబీఎస్ మాడ్యూల్‌కి చెప్తూ ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు ఒక చక్రం మిగతావాటికంటే ముందే ఆగిపోతుంటే, అది జారుతోందని లెక్క. అప్పుడు ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడి వదిలి, మళ్లీ పట్టి, మళ్లీ వదులుతుంది. అది ఏబీఎస్ పని. ట్రాక్షన్ కంట్రోల్‌ది తలకిందుల పని. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బురదలో ఉన్న చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతుంటే, ఇంజన్ జోరు తగ్గించి ఆ చక్రానికి మాత్రం బ్రేకు వేస్తుంది, దాంతో గట్టి నేల మీదున్న రెండో చక్రానికి బలం అందుతుంది. సెన్సార్లు మాత్రం రెంటికీ అవే. అందుకే నలుగురిలో ఒక్కడు మాట్లాడకపోయినా రెండు దీపాలూ కలిసి వెలుగుతాయి. అబద్ధం లెక్కతో బ్రేకు వేయడం కంటే పని మానేసి దీపం వెలిగించడం నయమని దాన్ని చేసినవాళ్లు అనుకున్నారు. మంచి పనే చేశారు.

వీడియోలు చూసి సెన్సార్ నేనే పరీక్షిద్దామని ఒక ఆదివారం దిగాను. ప్లగ్గు ఊడదీసి మల్టీమీటర్‌ని ఓములకు పెట్టి రెండు పిన్నుల మధ్య కొలవాలి, వెయ్యి ఓములకు పైన చూపిస్తే మంచిది అన్నాడు ఒకాయన. నా మీటరు ఒకవైపు పెడితే లక్షల్లో ఏదో అంకె, తిప్పి పెడితే అసలేమీ లేదు. సెన్సార్ చచ్చిపోయిందని తీర్మానించేశాను. ఆ వీడియో తప్పు కాదు, మా బండికి వర్తించదు, అంతే. పాతరకం సెన్సార్లలో అయస్కాంతం చుట్టూ తీగచుట్ట ఉండేది, దానికి ఓముల లెక్క ఉంటుంది. ఇప్పటి కార్లలో ఎక్కువగా వచ్చేవి లోపల చిన్న ఎలక్ట్రానిక్ చిప్ ఉన్నవి. వాటికి మాడ్యూల్ నుంచి కరెంటు అందాలి, అప్పుడే పనిచేస్తాయి. వాటిని ఓముల్లో కొలవడం, నిద్రపోతున్నవాణ్ణి లెక్కలు అడగడం లాంటిది.

ఆ తీర్మానంతోనే స్కానర్ ఉన్న పెద్ద గ్యారేజీకి వెళ్లాను. వాళ్ల స్కానర్ రెండు నిమిషాల్లో కోడ్ చెప్పింది: సీ0040, కుడి ముందు చక్రం వేగం సెన్సార్. నేను అప్పటికే ఆ సెన్సార్ పోయిందని నమ్ముతున్నాను, యంత్రం కూడా ఆ పేరే చెప్పింది. ఇంకేం కావాలి? రూ. 2,300 పెట్టి కొత్త సెన్సార్ తెప్పించారు. తీరా బిగించే కుర్రాడు "రైట్ అంటే డ్రైవర్ సైడేనా సార్?" అని అడిగాడు. అమెరికా వీడియోలు చూసిన మహిమ, "కాదు, రెండో వైపు" అన్నాను. వాడు ఎడమ చక్రం విప్పేశాడు. వాళ్లకి డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు, మనకి కుడివైపు. కుడి ఎడమలు ఎప్పుడూ డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తే వచ్చేవే. ఆ కుర్రాడు ఏమీ అనకుండా మళ్లీ బిగించి ఇటు వచ్చాడు.

సెన్సార్‌కి ఒకే ఒక్క బోల్టు, పదో నంబరు స్పానర్. పాత సెన్సార్ తేలిగ్గానే ఊడింది. కొత్తది పెట్టి, వైరు క్లిప్పులన్నీ తగిలించి, స్కానర్‌తో కోడ్ తుడిచేసి తాళం తిప్పారు. దీపాలు ఆరాయి. "అయిపోయింది సార్" అన్నారు. డబ్బు కట్టి రోడ్డెక్కాను. పెట్రోల్ బంకు దాకా కూడా పోలేదు.

వెనక్కి వెళ్తే, ఇక మాడ్యూలే పోయుండాలన్నారు. మాడ్యూల్ ధర చెప్పారు. ఆ అంకె మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎలుకలు వైరు కొరికాయేమోనని బానెట్ తీసి టార్చి వేసి చూశాను. మా సందులో ఎలుకల పని నిజంగానే ఎక్కువ, పక్కింటివాళ్ల స్కూటర్ వైరింగు రెండుసార్లు తిన్నాయి. చక్రం పైన గుమ్మటంలో రబ్బరు బుష్షు లోంచి వైరు లోపలికి వెళ్లే చోటు చూశాను. స్టీరింగు తిప్పినప్పుడల్లా వంగే చోట పైతొడుగు బాగానే కనిపిస్తూ లోపల రాగి తెగిపోతుంటుందట. వేళ్లతో నొక్కుతూ, వంచుతూ మీటరు పెట్టి చూశాను. ఎక్కడా తెగలేదు. చివరికి స్టాఫ్ రూమ్‌లో నా గోల విన్న సోషల్ మాస్టారు, విజయవాడ ఆటోనగర్లో తనకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడని చెప్పారు. "మాట కటువు. పని మాత్రం తెలుసు" అన్నారు.

ఆటోనగర్లో ఆయన కొట్టు పది అడుగుల వెడల్పు కూడా ఉండదు. అరవై దాటిన మనిషి, ముక్కు చివర కళ్లజోడు. నేను కోడ్ నంబరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నంబరు తర్వాత. బండికి చివరగా చేయించిన పని ఏంటి?"

"సెన్సార్ మార్పించాను."

"అది దీపం వచ్చాక. దీపం రాకముందు?"

నేను ఒక్క క్షణం ఆగాను. "ముందు బేరింగు మార్పించాను."

"ఏ వైపు?"

"కుడి."

ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "దీపం తాళం తిప్పగానే వస్తుందా, కదిలాక వస్తుందా?" అని అడిగాడు. కదిలాకే, ఇరవై దగ్గర అన్నాను. "మరి సెన్సార్ ఎందుకు మార్చారు?"

అప్పుడాయన చెప్పింది నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు. మాడ్యూల్ తన పరీక్ష రెండు విడతలుగా చేస్తుంది. తాళం తిప్పగానే, చక్రం కదలకముందే, వైర్లలో కరెంటు సరిగ్గా పారుతోందా లేదా చూస్తుంది. వైరు తెగినా, ప్లగ్గు ఊడినా, సెన్సార్ లోపల కాలిపోయినా ఎక్కువగా అక్కడే పట్టుకుంటుంది, ఇక దీపం ఆరదు. ఆ పరీక్ష పాసైతే దీపం ఆర్పి బండి కదిలేదాకా ఆగుతుంది. కదిలాక నాలుగు చక్రాల నుంచీ లెక్క రావాలి. మూడు చెప్పి ఒకటి చెప్పకపోతే అప్పుడు వెలిగిస్తుంది. మా దీపం రోజూ ఇదే చెప్తూ వచ్చింది: వైరు బాగుంది, సెన్సార్‌కి కరెంటు అందుతోంది, కానీ దాని ముందు తిరగాల్సినదేదో తిరగడం లేదు. కోడ్‌లో సెన్సార్ పేరు వచ్చిందంటే ఆ దారిలో లెక్క రావడం లేదని మాత్రమే. ఆ దారిలో సెన్సార్ ఒక మజిలీ.

ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూపించాడు, తాళం తిప్పితే దాదాపు పన్నెండు ఓల్టులు వస్తున్నాయి. నా ఓముల ప్రయోగం గురించి చెప్తే, "చిప్ ఉన్నదానికి ఓములు ఏంటండీ" అని విసుక్కున్నాడు. ఈ సెన్సార్లు తమ మాట కరెంటులోనే చెప్తాయట, 7 మిల్లీ ఆంపియర్లు, 14 మిల్లీ ఆంపియర్లు, మళ్లీ 7, మళ్లీ 14. చక్రం ఎంత వేగంగా తిరిగితే ఈ మార్పు అంత వేగం. తర్వాత తన స్కానర్ తగిలించి, కోడ్ జోలికి పోకుండా నాలుగు చక్రాల వేగాలు వరసగా కనిపించే పేజీ తెరిచి నా చేతికిచ్చాడు. ఆయన నడిపాడు, నేను చదివాను. ఆటోనగర్ గతుకుల్లో లారీల మధ్య నుంచి మెల్లగా వెళ్తుంటే: ఎడమ ముందు 22, వెనక రెండూ 22, కుడి ముందు సున్నా. కొత్త సెన్సార్, రూ. 2,300, సున్నా.

తిరిగొచ్చి జాకీ పెట్టి రెండు ముందు చక్రాలూ విప్పించాడు. రెండు సెన్సార్లూ తీసి పక్కన పెట్టాడు. లోపలి నుంచి బిల్లు పుస్తకం తెచ్చాడు, బిల్లు రాస్తాడేమో అనుకున్నాను. దానికున్న స్టాప్లర్ పిన్ను ఒకటి పీకి, దారం చివర కట్టి, ఎడమ చక్రం దగ్గర సెన్సార్ ఉండాల్సిన రంధ్రంలోకి వదిలాడు. లాగితే పిన్ను కొంచెం బిగిసింది, తర్వాత ఊడి వచ్చింది. మళ్లీ వదిలాడు, మళ్లీ అంటుకుంది. కుడివైపు వదిలాడు. అక్కడ ఎంతసేపు ఆడించినా దారం ఊరికే వేలాడింది.

"ఇప్పుడు చెప్పండి, మాస్టారు కదా."

చెప్పగలిగాను, ఆ మాత్రం. చక్రంతో పాటు తిరిగే భాగం మీద అయస్కాంతం ఉండాలి. పాత బండ్లలో పళ్లచక్రం లాంటి ఇనప రింగు యాక్సిల్ మీద కంటికి కనిపించేది. ఈ తరహా బండ్లలో అది బేరింగులోనే కలిసిపోయింది. బేరింగు ఒక పక్కన దుమ్ము వెళ్లకుండా ఉండే సీలు మీదే, రబ్బరులో అయస్కాంతపు పొడి కలిపి, చుట్టూ ఉత్తర దక్షిణ ధ్రువాలను ఒకదాని పక్కన ఒకటి పదుల కొద్దీ అచ్చు వేస్తారు. చూస్తే మామూలు సీలే. అది సెన్సార్‌కి దాదాపు ఒక మిల్లీమీటరు దూరంలో తిరగాలి. ఏటా పదో తరగతికి అయస్కాంత బలరేఖలు చెప్పే మనిషికి ఈ సంగతి స్టాప్లర్ పిన్ను చెప్పాల్సి వచ్చింది.

బేరింగు తిరగేసి వేసుండాలి, లేదా అయస్కాంతం లేని బేరింగే వేసుండాలి. విప్పితే తప్ప తెలియదు. ఇక్కడ ఇంకో బాధ ఉంది. ఈ రకం బేరింగును ప్రెస్సు మీద ఒత్తి బిగిస్తారు, అలాగే ఒత్తి తీస్తారు. తీసేటప్పుడు ఆ బలమంతా లోపలి గుండ్ల మీదుగా పోతుంది కాబట్టి మళ్లీ వాడుకోవడానికి పనికిరాదు. తిప్పి వేసుకుంటే సరిపోతుంది కదా అని నేను అడిగితే, ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇరవై రోజులు కూడా నడవని బేరింగు చెత్తలోకి.

రెండు కొట్ల అవతల ప్రెస్సు. చక్రాన్ని బిగించే హబ్బు ఊడగానే బేరింగు రెండు ముక్కలై, బయటివైపు సగం లోపలి రింగు హబ్బుకే పట్టుకుని వచ్చింది. దాని మీద గోధుమరంగు సీలు. పెద్దాయన పిన్ను తాకించాడు, టక్కున అంటుకుంది. అయస్కాంతం ఉంది, ఉండకూడని వైపు ఉంది. సెన్సార్ ఒక మిల్లీమీటరు దూరంలో వెతుకుతుంటే అది బేరింగు వెడల్పంతా దాటి, దాదాపు నాలుగు సెంటీమీటర్ల అవతల, టైరు వైపు తిరుగుతోంది.

కొత్త బేరింగు రూ. 1,900. కొట్లో పెట్టె విప్పి నేనే పిన్ను పెట్టి చూసుకుని కొన్నాను. కౌంటరు మీది మనిషి నన్ను వింతగా చూశాడు. బిగించేటప్పుడు ప్రెస్సు కుర్రాడికి పెద్దాయన ఒక్కటే మాట చెప్పాడు, "గోధుమరంగు లోపలికి". ఆ వైపును ఇనప రజను పడిన బల్ల మీద పెట్టనివ్వలేదు, పాత పేపరు పరిపించాడు. లాకు వేసి, యాక్సిల్ నట్టు టార్క్ రెంచ్‌తో బిగించి, చక్రం ఎక్కించేముందు మళ్లీ దారం పరీక్ష. ఈసారి పిన్ను బిగిసింది. మజూరీలన్నీ కలిపి రూ. 1,500 అయింది, స్కానింగుకి ఆయన వేరే తీసుకోలేదు. రోడ్డు మీద 22, 22, 22, 22. కోడ్ తుడిచాడు. ఏలూరు వచ్చేదాకా నా కళ్లు రోడ్డు మీద ఎంత ఉన్నాయో డ్యాష్‌బోర్డు మీదా అంతే ఉన్నాయి. గన్నవరం, హనుమాన్ జంక్షన్, ఏలూరు. వెలగలేదు.

ఊడదీసిన పాత సెన్సార్ నిక్షేపంలా ఉంది. కొత్తది వాపసు తీసుకోమంటే గ్యారేజీవాళ్లు ఎలక్ట్రికల్ సామాను వాపసు ఉండదన్నారు. కొత్తది బండికే ఉంది, పాతది కవర్లో చుట్టి డ్యాష్ బాక్సులో ఉంది. ఏదైనా కాగితం కోసం అందులో చెయ్యి పెట్టినప్పుడల్లా నాన్న దాన్ని బయటికి తీసి, ఇదేంటని అడిగి, నేను చెప్పేది విని, మళ్లీ లోపల పెడతారు.

మా పేట మెకానిక్ దగ్గరికి గొడవకే వెళ్లాను, అందులో దాపరికం లేదు. విరిగిన బేరింగు ముక్క ఆయన బల్ల మీద పెట్టాను. "పదిహేనేళ్లుగా వేస్తున్నా మాస్టారూ, బేరింగుకి ఇటూ అటూ ఏముంటుంది?" అన్నాడు. ఆయన వేసిన వందల బేరింగులకు నిజంగానే లేదు. మన దగ్గర కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచే. అంతకుముందు ఇలాంటి చిన్న బండ్లు ఏబీఎస్ లేకుండా ఎన్నో వచ్చాయి. ఆ బేరింగులు రెండు వైపులా ఒకేలా ఉండేవి, ఎలా ఒత్తినా బండి నడిచేది. ఆయన చేతికి అలవాటైన పని అది.

గొడవ మాని జేబులోంచి పొట్లం తీశాను. స్కూలు ల్యాబులోంచి తెచ్చిన ఇనప రజను. గోధుమరంగు సీలు మీద తెల్ల కాగితం పరిచి, రజను చల్లి, కాగితం అంచు వేలితో తట్టాను. రజను నల్లటి సన్న గీతలుగా చుట్టూ సర్దుకుంది, స్కేలు మీద మిల్లీమీటరు గీతల్లా. పనిలో ఉన్న కుర్రాడు స్పానర్ వదిలేసి వచ్చాడు. "ఇంకోసారి వేయండి సార్" అన్నాడు. వేశాను.

మెకానిక్ ఏమీ మాట్లాడకుండా కాసేపు చూసి, లోపలికి వెళ్లి గల్లా తెరిచి ఆ రోజు తీసుకున్న రూ. 900 తెచ్చి బల్ల మీద పెట్టాడు. మళ్లీ లోపలికి వెళ్లాడు. ఈసారి అలమారలోంచి మూడు బేరింగు పెట్టెలు తెచ్చాడు.

"వీటి మీద కూడా వేయండి మాస్టారూ."

మొదటిదానికి ఒక పక్కన గీతలు వచ్చాయి. సుద్దముక్కతో పెట్టె మీద ఆ వైపు బాణం గుర్తు వేశాడు. రెండోదానికీ వచ్చాయి, దానికీ వేశాడు. మూడోదాని మీద కాగితం పరిచి చల్లితే రజను చల్లినట్టే ఉండిపోయింది. తిప్పి చల్లాం. ఆ వైపూ అంతే. పెట్టె మీద మా కారు పేరే ఉంది. ఆయన దాన్ని కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, సుద్దతో పెద్ద అక్షరాల్లో "పాత బండ్లకే" అని రాసి, అలమారలో అన్నిటికంటే పై అరలో పెట్టాడు.